చల్లబడిన గొర్రెపిల్లకు పాలు పట్టే ముందు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. మాకు 42 నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. ఈ కార్తీకంలో ఈతలు మొదలయ్యాయి. ఇప్పటికి 19 పిల్లలు పుట్టగా 5 చనిపోయాయి. రాత్రి పుట్టినప్పుడు బాగానే లేచి నిలబడుతున్నాయి, తెల్లవారి చూసేసరికి చల్లబడి మెడ వాల్చి పడివుంటున్నాయి. మాయ పడేదాకా పిల్లను పొదుగు దగ్గరికి పోనివ్వకూడదని, మొదటి పాలు పిండి పారబోయకపోతే పిల్ల పారుకుంటుందని మా నాన్న అంటాడు. చల్లబడిన ఒక పిల్లకు ఆవుపాలు వెచ్చజేసి సీసాతో పోస్తే ముక్కులోంచి బయటికొచ్చి చనిపోయింది. ఇంకొకదాన్ని పొయ్యి దగ్గర పడుకోబెడితే కాసేపటికి కాళ్లు కొట్టుకుని పోయింది. ఇప్పుడు ఇంట్లో తల్లి లేని పిల్ల ఒకటి ఉంది. దానికి తొమ్మిది రోజులు, 2 కిలోలు తూగుతోంది. పిల్లలకు బలం రావడానికి ఏదైనా టానిక్కో ఇంజక్షనో రాసివ్వగలరా?

సమాధానం: మీరు అడిగిన టానిక్కు సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే మీ పిల్లలను చంపుతున్నది బలహీనత కాదు. రాత్రి లేచి నిలబడిన పిల్ల తెల్లవారేసరికి చల్లబడి మెడ వాల్చిందంటే, నూటికి తొంభై పాళ్లు అది ఆకలితోనూ చలితోనూ పోతున్నట్టే లెక్క. ఈసారి ఏదైనా పిల్ల చనిపోతే పూడ్చేయకుండా మీ పశువైద్యశాలకు తీసుకెళ్లి కోయించి చూడండి. కడుపులో పెరుగు ముద్దలా గడ్డకట్టిన పాలు కనిపించకుండా సంచి ఖాళీగా ఉండి, మూత్రపిండాల చుట్టూ ఉండాల్సిన కొవ్వు కరిగిపోయి ఎర్రటి పొర మాత్రమే మిగిలి ఉంటే, ఆ పిల్ల ఒక్క గుక్క పాలు కూడా తాగకుండా పోయిందని డాక్టరుగారు మీకు అక్కడికక్కడే చూపించగలరు. రోగమేదైనా ఉంటే అదీ అప్పుడే తేలుతుంది.

గొర్రెపిల్ల పుట్టేటప్పుడు తనతో తెచ్చుకునే ఇంధనం చాలా కొద్ది. శరీరంలో గోధుమరంగు కొవ్వు కొంత ఉంటుంది, అది కరిగి వేడినిస్తుంది. ఒళ్లంతా ఉమ్మనీటితో తడిసి, బయట డిసెంబరు రాత్రి చలి ఉన్నప్పుడు ఆ కొవ్వు సుమారు ఐదు గంటలకు మించి రాదు, తల్లి బక్కచిక్కినదైతే అంతకన్నా ముందే అయిపోతుంది. ఆ లోపల పాలు పడితే పిల్ల తన వేడిని తానే పుట్టించుకుంటుంది. పడకపోతే ముందు నోరు చల్లబడుతుంది, తర్వాత చీకడం మానేస్తుంది, ఆ తర్వాత తల్లి పక్కనే నిలబడి పిలుస్తున్నా లేవదు. మీరు రాత్రి పదింటికి పుట్టిన పిల్లను చూసి పడుకుని, పొద్దున ఆరింటికి లేచారనుకుందాం. ఆ ఎనిమిది గంటల్లోనే దాని కథ ముగిసిపోతోంది.

ఇక మీ నాన్నగారి మాట. మందతో ఆయనకున్న అనుభవం ముందు నాది పుస్తకాల చదువే కావచ్చు, అయినా ఈ ఒక్క విషయంలో ఆయనతో విభేదించక తప్పదు. మనుషుల్లోలాగా గొర్రెలో తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మాయ గుండా కడుపులోని పిల్లకు అందవు. ఆ పదార్థాలనే యాంటీబాడీలంటాం. పిల్ల పుట్టేటప్పుడు రోగాలను ఎదుర్కొనే శక్తి దాని ఒంట్లో దాదాపు శూన్యం. ఆ శక్తంతా తల్లి పొదుగులో చిక్కగా, తేనెరంగులో దిగే ముర్రుపాలలో, మీ వైపు అనే జున్నుపాలలో ఉంటుంది. పిల్ల పేగు వాటిని ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పీల్చుకోగలిగేది మొదటి రోజే, అందులోనూ మొదటి ఆరు గంటల్లో పీల్చుకున్నంతగా తర్వాత పీల్చుకోలేదు. ఒక రోజు గడిచాక ఎంత ముర్రుపాలు పోసినా అది ఆహారంగా పనికొస్తుంది తప్ప రక్షణగా పనికిరాదు. పారబోసిన మొదటి పాలను మళ్లీ ఎక్కడా కొనలేం.

జున్నుపాలు తాగితే పిల్ల పారుకుంటుందన్న నమ్మకానికి పుట్టుక ఎక్కడో నాకు తెలుసు. కడుపులో ఉన్నప్పుడే పేగుల్లో చేరిన నల్లటి, తారులాంటి మలాన్ని ముర్రుపాలు కొద్దిగా విరేచనకారిగా పనిచేసి బయటికి నెడతాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులు పసుపుపచ్చగా, జిగురుగా పెడుతుంది. అది రోగం కాదు, కడుపు శుభ్రపడటం. అయితే ఆ పసుపు జిగురు తోక కింద ఎండి ఆసనద్వారానికి బిరడాలా అతుక్కోవడం కద్దు, అప్పుడు పిల్ల కడుపు ఉబ్బి ముక్కుతుంది, దాన్ని గోరువెచ్చని నీటితో నానబెట్టి తుడిస్తే చాలు. మాయ పడేదాకా ఆపాలన్న మాటకైతే ఆధారం లేదు సరికదా, వ్యవహారం దానికి తలకిందులుగా ఉంటుంది. పిల్ల చన్ను చీకినప్పుడే తల్లి ఒంట్లో పాలు చేపే హార్మోను ఊరుతుంది, అదే గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికీ తోడ్పడుతుంది. పన్నెండు గంటలు దాటినా మాయ పడకపోతే డాక్టరును పిలవండి, చేత్తో లాగకండి. మొదటి పాలు పిండాలన్న మాటలో నిజం ఒకే ఒక్క వంతుంది. చన్ను మొనలో మైనంలాంటి బిరడా ఉంటుంది, దాన్ని తొలగించడానికి ఒక్కో చన్ను నుంచి ఒకటి రెండు ధారలు పిండితే పిల్లకు చీకడం సులువవుతుంది. అంతవరకే.

ముర్రుపాలు ఎంత కావాలన్నది తూకాన్ని బట్టి ఉంటుంది. పుట్టిన రెండు గంటల్లోపు కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, మొదటి 24 గంటల్లో మొత్తం మీద కిలోకు 200 మిల్లీలీటర్లు అందాలి. మీ జోడిపి పిల్ల రెండున్నర కిలోలుంటే మొదటి విడతకు 125, రోజంతటికి అర లీటరు. తల్లి దగ్గర మామూలుగా తాగుతున్న పిల్ల విషయంలో ఈ లెక్కలతో పని లేదు, దాని పొట్ట చెబుతుంది. పక్కటెముకల వెనక పొట్టను రెండు వేళ్లతో తాకితే నిండుగా, మెత్తగా ఉండాలి. పొట్ట లోపలికి పోయి, పిల్ల వీపు విల్లులా వంచి నాలుగు కాళ్లూ దగ్గరికి పెట్టుకుని నిలబడిందంటే ఆకలితో ఉన్నట్టు, అది తల్లి పొదుగు కిందే నిలబడి ఉన్నా సరే. ఇక్కడ చాలామంది కాపరులు మోసపోతారు: పొదుగు కింద తల పెట్టిన పిల్లకల్లా పాలు దొరుకుతున్నాయని అనుకోవద్దు. చన్ను మరీ లావుగా ఉండి నోట్లో పట్టకపోవచ్చు, ఒక పక్క పొదుగువాపు వచ్చి ఉండవచ్చు, తొలిచూలు గొర్రె కాలెత్తి పక్కకు జరిగిపోతూ ఉండవచ్చు.

చల్లబడిన పిల్ల దొరికినప్పుడు మీరు చేసిన రెండు పనులూ ఎవరైనా చేసేవే. నేనూ చేశాను. కొలువులో చేరిన కొత్తలో, ఒక పుష్యమాసపు తెల్లవారుజామున, పొలంలో కట్టిన మంద దగ్గరికి పిలిస్తే వెళ్లాను. ముందురోజు మధ్యాహ్నం పుట్టిన పిల్ల చల్లగా కట్టెలా పడుంది. కాపరి వేసిన నెగడు దగ్గర దాన్ని గొంగడిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్లు వెచ్చబడుతుంటే బతికిందనుకున్నాను. పావుగంటకు అది మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు తొక్కుతున్నట్టు కొట్టుకుని ప్రాణం విడిచింది. మీరు రాసిన పిల్ల కూడా సరిగ్గా అలాగే పోయింది. ఆ పిల్ల రక్తంలో చక్కెర అప్పటికే అడుగంటి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపూ దాని ఒంట్లో పనులన్నీ నెమ్మదిగా సాగుతాయి కాబట్టి ఆ కొద్ది చక్కెరతోనే ఊపిరి నిలుస్తుంది. మనం వేడి పెట్టేసరికి అన్ని పనులూ ఒక్కసారిగా వేగం పుంజుకుని మిగిలిన చక్కెర కాస్తా ఖర్చైపోతుంది, మెదడుకు ఏమీ అందదు. నీళ్లు లేని బోరుకు మోటరు వేసినట్టన్నమాట.

కాబట్టి పిల్లను చూడగానే తెలుసుకోవాల్సినవి మూడు: దాని వయసెంత, ఒంటి వేడెంత, తల ఎత్తి నిలుపుకోగలదా లేదా. మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని, మనుషులకు వాడేదానితో కలవకుండా విడిగా పెట్టుకోండి. మొనకు కాస్త నూనె రాసి ఆసనంలో అంగుళం లోపలికి పెట్టి చూస్తే ఆరోగ్యమైన పిల్లకు 102 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 99కీ 102కీ నడుమ ఉంటే పిల్ల చల్లబడుతోందని అర్థం. దాన్ని పొడిగా తుడిచి, ముర్రుపాలు తాగించి, గాలి తగలని చోట తల్లితోనే ఉంచి, అరగంటకోసారి మళ్లీ చూస్తే సరిపోతుంది. 99 కన్నా తగ్గితే ప్రమాదం, అప్పుడు వయసును బట్టి దారి మారుతుంది. పుట్టి ఐదు గంటలు దాటని పిల్లకు లోపల ఇంకా కొంత కొవ్వు మిగిలి ఉంటుంది కాబట్టి ముందు తుడిచి, వెచ్చబెట్టి, వేడి 99 దాటాక పాలు పట్టవచ్చు. ఐదు గంటలు దాటినా తల ఎత్తి నిలుపుకోగలిగితే ముందు నోటి గుండా కడుపులోకి దించే సన్నని ట్యూబు ద్వారా పాలు పోసి, తర్వాత వెచ్చబెట్టాలి. ఐదు గంటలు దాటి తల కూడా ఎత్తలేని పిల్లకు పాలూ పట్టకూడదు, వేడీ పెట్టకూడదు. దానికి ముందు పొట్ట కుహరంలోకి గోరువెచ్చని 20 శాతం గ్లూకోజు ద్రావణం కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించాలి, ఆ తర్వాతే వేడి, ఆ తర్వాతే పాలు. ఆ సూది పక్కకు పోతే పేగుకో మూత్రాశయానికో గుచ్చుకుంటుంది, అందుచేత అది డాక్టరు చేయాల్సిన పని. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మిగతా గొర్రెలు ఈనకముందే మీ డాక్టరుగారితో ఈ సంగతి మాట్లాడి ఉంచుకుంటే ఆ రాత్రి వివరించుకునే సమయం మిగులుతుంది.

వెచ్చబెట్టడమంటే మంట దగ్గర పెట్టడం కాదు. తడి ఒళ్లు ఆరేటప్పుడు వేడిని లాగేస్తుంది కాబట్టి ముందు పాత గుడ్డతోనో గోనెపట్టాతోనో గట్టిగా రుద్ది తుడవండి. ఆ రుద్దుడుకే సగం పిల్లలు కదులుతాయి. తర్వాత అట్టపెట్టెలోనో గంపలోనో వరిగడ్డి మందంగా పరిచి, వేడినీళ్లు పోసిన సీసాలను గుడ్డలో చుట్టి రెండు పక్కలా పెట్టి, పైన గొంగడి కప్పండి. కరెంటు ఉంటే పాతకాలపు 60 వాట్ల బల్బును రెండడుగుల ఎత్తున వేలాడదీయవచ్చు, ఎల్ఈడీ బల్బు వెలుగే తప్ప వేడి ఇవ్వదు. వేడినీళ్లలో ముంచి తీయడం కొందరు చేస్తారు. అది త్వరగా వెచ్చబరుస్తుంది గానీ పిల్ల ఒంటి వాసన పోయి తల్లి దాన్ని తనదిగా ఒప్పుకోకపోవచ్చు, కాబట్టి నేను చెప్పను.

ట్యూబు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చీకలేని పిల్లకు సీసాతో పోయడం వల్లనే మీ పిల్ల చనిపోయింది. మింగే శక్తి లేని పిల్ల నోట్లో పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కులోంచి రావడం దానికే గుర్తు. మెడికల్ షాపులో రైల్స్ ట్యూబు అని అడిగితే ఇస్తారు, 14 నంబరుది మామూలు పిల్లకూ, 12 నంబరుది మరీ చిన్నదానికీ సరిపోతుంది. దానితోపాటు 50 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి తీసుకుని, తోసే కడ్డీ తీసేసి గరాటులా వాడుకోండి. ముక్కాలిపీట మీద కూర్చుని పిల్లను ఒళ్లో పెట్టుకోండి, ముందు కాళ్లు కిందికి వేలాడాలి. ట్యూబును పిల్ల మూతి చివర నుంచి ఆఖరి పక్కటెముక దాకా బయటినుంచే ఆనించి కొలిచి, అక్కడ ప్లాస్టరు ముక్క అంటించండి. మొనను ముర్రుపాలలో తడిపి, నోటి ఎడమ మూల నుంచి నాలుక మీదుగా మెల్లగా జార్చండి. పిల్ల నములుతూ, మింగుతూ ట్యూబును తానే లోపలికి తీసుకుంటుంది, మీరు తొయ్యాల్సిన అవసరం రాకూడదు. ప్లాస్టరు గుర్తు పెదవి దాకా వస్తే ట్యూబు కడుపులో ఉన్నట్టు. గొంతు పక్కన వేళ్లతో తడిమితే గట్టి ఉంగరాల ఊపిరిగొట్టమూ, దాని పక్కనే మెత్తగా కదిలే ట్యూబూ విడివిడిగా తగలాలి. పిల్ల దగ్గినా, గింజుకున్నా, గుర్తు రాకముందే ట్యూబు ఆగిపోయినా వెంటనే బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. అంతా సరిగా ఉందనుకున్నాక సిరంజిలో పాలు పోసి పిల్ల తలకన్నా కొంచెం ఎత్తుగా పట్టుకుంటే వాటంతటవే దిగుతాయి. 100 మిల్లీలీటర్లు దిగడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టాలి, తొందరపెట్టి నొక్కవద్దు. తీసేటప్పుడు ట్యూబును మడిచి గట్టిగా పట్టుకుని ఒక్క ఊపున లాగండి, లేకపోతే ట్యూబులో మిగిలిన చుక్కలు గొంతులో జారతాయి. ప్రతిసారీ వేడినీళ్లతో కడగాలి. మొదటిసారి మీ డాక్టరుగారి ముందు చేసి చూడండి, రెండోసారికి చెయ్యి అలవాటవుతుంది.

పట్టాల్సింది మొట్టమొదట ఆ తల్లి ముర్రుపాలే. ఒకరు గొర్రెను గోడకు ఆనించి పట్టుకుంటే ఇంకొకరు పొదుగును గోరువెచ్చని నీటితో తుడిచి శుభ్రమైన గిన్నెలోకి పిండవచ్చు. తల్లికి పాలు లేకపోతే అదే రోజు ఈనిన మరో గొర్రెవి, అవీ లేకపోతే మేకవి, ఆ తర్వాత ఆవువి. ఆవు ముర్రుపాలు గొర్రెవాటికన్నా పలచన కాబట్టి మూడో వంతు ఎక్కువ పట్టాలి, వీలైతే రెండు మూడు ఆవులవి కలిపి పట్టాలి. ఒక్కో ఆవు ముర్రుపాలలో గొర్రెపిల్ల ఎర్ర రక్తకణాలను దెబ్బతీసే గుణం ఉండి, పది పదిహేను రోజులకు చిగుళ్లు తెల్లబడి పిల్ల వాడిపోవడం కనిపించింది. కలిపితే ఆ ప్రమాదం తగ్గుతుంది.

ముర్రుపాలను కాచకూడదని నేను ఎంత చెప్పినా, పాలు కాచనిదే ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. కాస్తే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు, జున్నవుతుంది. ఆ గడ్డకట్టినవే పిల్లను కాపాడాల్సిన మాంసకృత్తులు. మీ ఊళ్లో ఆవు ఈనితే ఇంటింటికీ జున్నుపాలు పంచుతారు కదా, అవి పొయ్యి ఎక్కకముందే ఒక చెంబెడు పచ్చివి అడిగి తెచ్చుకోండి. 100 మిల్లీలీటర్ల చొప్పున చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో మంచుగడ్డలు కట్టే అరలో పెడితే ఈ ఈతల కాలమంతా వాడుకోవచ్చు. ఒక్కటే పిల్లను ఈనిన పాలపుష్టి గల గొర్రె నుంచి, దాని పిల్ల కడుపునిండా తాగాక, కొన్ని పిండి ఇలా దాచుకోవడం అన్నిటికన్నా మేలు. వాడేటప్పుడు సంచిని, చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వెచ్చని నీళ్లలో ఉంచి కరిగించాలి తప్ప పొయ్యి మీద పెట్టకూడదు. ముర్రుపాలే దొరకని రాత్రి మామూలు పాలలో కోడిగుడ్డు గిలకొట్టి, కొద్దిగా గ్లూకోజు, చెంచాడు నూనె కలిపి పట్టే పద్ధతి ఒకటుంది. దానితో ప్రాణం నిలవవచ్చు, రోగనిరోధక శక్తి మాత్రం రాదు, అటువంటి పిల్లను తర్వాతి వారాల్లో మరింత కనిపెట్టి చూసుకోవాలి.

జంట పిల్లల్లో రెండోది వెనకబడటం మామూలు. నెల్లూరు జాతిలో కవలలు తక్కువే. బెంగాల్ సుందర్బన్ ప్రాంతపు గరోల్ గొర్రెల్లోని కవలల జన్యువుతో మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో రూపొందిన నారీ సువర్ణ లాంటి జాతి పొట్టేలును తెచ్చుకుంటే మాత్రం, దాని కూతుళ్ల ఈతల్లో ఈ పని రెట్టింపవుతుందని ముందే తెలుసుకుని తెచ్చుకోవాలి. తల్లీపిల్లలను మొదటి రెండు రోజులు మందలో కలవనివ్వకుండా నాలుగడుగుల చదరపు తడికల గదిలో విడిగా ఉంచండి. తల్లి ఒక పిల్లను తంతూ ఉంటే, దాని ముందు కాలు పట్టుకుని రోజుకు నాలుగైదుసార్లు ఆ పిల్లను చీకించాలి. పిల్ల పోయిన గొర్రె ఒకటీ, తల్లి పోయిన పిల్ల ఒకటీ ఒకే రోజు ఉంటే, చనిపోయిన పిల్ల తోలును అనాథ పిల్లకు కట్టి రెండు మూడు రోజులుంచే ఉపాయం మీ నాన్నగారికి నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. ఈ విషయంలో ఆయన మాటే వినండి. తోలు వలిచిన చనిపోయిన పిల్ల రోగంతో పోయినది కాదని మాత్రం నిర్ధారించుకోండి. ఈనిన గొర్రెను, మాయను తాకిన చేతులను సబ్బుతో బాగా కడుక్కోండి, చేతికి గాయముంటే ముట్టుకోవద్దు. బొడ్డు తాడును పుట్టిన వెంటనే 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో పూర్తిగా మునిగేలా ముంచండి, పైపైన పూస్తే చాలదు.

మీ ఇంట్లో ఉన్న తొమ్మిది రోజుల పిల్లకు ట్యూబు అక్కర్లేదు, చీకగలిగితే సీసానే మంచిది. మన కాపరులు వాడే ఖాళీ బీరు సీసాకు రబ్బరు నిపుల్ తొడిగితే సరిపోతుంది, కానీ పిల్లను వెల్లకిలా పట్టుకుని పోయవద్దు. అది నాలుగు కాళ్ల మీద నిలబడి, తల్లి పొదుగు కింద చాచినట్టు మెడ చాచి తాగాలి. అలా చీకినప్పుడే అన్నవాహికలో ఒక గాడి మూసుకుని పాలు మొదటి సంచిలో పడి పులిసిపోకుండా నేరుగా జీర్ణమయ్యే నాలుగో సంచిలోకి చేరతాయి. ఇక పాలేవి అంటే, మీ దగ్గర గేదెపాలు దొరికితే అవే పట్టండి. గొర్రెపాలలో కొవ్వు సుమారు 7 శాతం, గేదెపాలలోనూ దాదాపు అంతే, ఆవుపాలలో అందులో సగం. ముర్రుపాల దశ దాటింది కాబట్టి ఇప్పుడు కాచి, గోరువెచ్చగా చల్లార్చి పట్టవచ్చు, నీళ్లు మాత్రం కలపవద్దు. బరువులో అయిదో వంతు, అంటే రోజుకు 400 మిల్లీలీటర్లు, వంద చొప్పున నాలుగు విడతలుగా, రోజూ అవే వేళలకు ఇవ్వండి. అరుస్తోందని ఒకేసారి పావు లీటరు పోస్తే కడుపుబ్బరం, పారుడు పట్టుకుంటాయి. పారుకుంటే పాలు పూర్తిగా మానిపించకుండా కొద్దిగా తగ్గించి, పాలకూ పాలకూ నడుమ మనుషులకిచ్చే ఓఆర్ఎస్ ద్రావణం 50 మిల్లీలీటర్ల చొప్పున పట్టండి. రక్తం పడినా, పిల్ల నీరసించినా డాక్టరుకు చూపించండి. ప్రతి ఆదివారం ఒక సంచిలో వేసి స్ప్రింగు త్రాసుతో తూచి గోడ మీద రాసుకోండి, వారానికి అర కిలో పెరుగుతుంటే మీ లెక్క సరిగా ఉన్నట్టు. బరువు పెరిగేకొద్దీ పాలూ పెంచాలి. రెండు వారాలు దాటగానే లేత దశరథ గడ్డి, సుబాబుల్ ఆకు గుప్పెడు కట్టగట్టి దాని మూతి ఎత్తున వేలాడదీయండి, పక్కన గుప్పెడు మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క కలిపి పెట్టండి. మొదట వాసన చూసి వదిలేస్తుంది, నాలుగు రోజులకు నమలడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు టానిక్కు. కాల్షియం సీసాలు, లివర్ టానిక్కులు, బి కాంప్లెక్సు సూదులు కడుపులో పాలు పడని పిల్లను నిలబెట్టవు. ఆ డబ్బు తల్లి మేతకు పెట్టండి. కడుపులోని పిల్ల బరువులో సుమారు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది, పొదుగులో ముర్రుపాలు తయారయ్యేదీ అప్పుడే. మీ మందలో ఇంకా ఈనాల్సిన గొర్రెలు సగం దాకా ఉండాలి. ఒక్కో చూడి గొర్రె నడుం మీద బొటనవేలు ఆనించి నొక్కండి, వెన్నెముక ముళ్లు రంపంలా తగిలితే అది తన కండ కరిగించి పిల్లను మోస్తోందని అర్థం. అటువంటివాటిని వేరుచేసి, దూరపు మేతకు తోలకుండా, రోజుకు పావు కిలో దాణా పెట్టండి. మొక్కజొన్న లేదా జొన్న నూక సగం, వేరుశనగ చెక్క పావు, తవుడు పావు, దానిలో కాస్త ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం కలిపితే చాలు. ఒక్కసారిగా కాకుండా వారం రోజుల్లో ఆ మోతాదుకు తీసుకురండి. ఈనాక పాలిచ్చేవాటికి దాన్ని 300 గ్రాములకు పెంచి, శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, నీళ్లు చాలని గొర్రెకు పాలు చేపవు. ఈనడానికి ఇంకా నాలుగు నుంచి ఆరు వారాలున్న గొర్రెలకు చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) టీకా ఇప్పుడే వేయిస్తే, ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లలకు చేరుతుంది. రోజులు దగ్గరపడ్డవాటిని మాత్రం టీకా కోసం పట్టి లాగి బెదరగొట్టవద్దు. వాటిని రాత్రిపూట ఇంటి పక్క దొడ్డిలో ఉంచి, పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి టార్చి వేసి చూడండి.